పురుగుకు సదస్సు అక్కర్లేదు

మొన్న మా నల్లగొండ జిల్లాలో ఒక రైతు వేదికలో సదస్సు జరిగింది. 'పత్తిలో గులాబీ రంగు పురుగు యాజమాన్యంపై రైతులకు అవగాహన సదస్సు' అని ఫ్లెక్సీ కట్టారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివి, "ఏందయ్యా, చేనుకు యజమాని పురుగేనని సర్కారే ఒప్పుకున్నదా?" అన్నాడు. ఆ తర్వాత రెండు గంటల్లో అంతకన్నా నిజమైన మాట ఇంకొకటి వినబడలేదు.

'అవగాహన' అంటే నాకు మహా గౌరవం. పంట పోతే రైతుకు అవగాహన లేదు. నకిలీ విత్తనం కొంటే అవగాహన లేదు. మందు పనిచేయకపోతే, కొట్టే తీరు మీద అవగాహన లేదు. వాన పడకపోవడం ఒక్కటే ఇంకా ఈ ఖాతాలో రాయలేదు. దానికి వేరే సదస్సు ఉంటుందేమో.

లైట్లు ఆర్పారు. తెర మీద బర్రె దూడంత పురుగు ప్రత్యక్షమైంది. కింద ఇంగ్లిషు అక్షరాలు. వచ్చిన సారు వాటిని చదివి చదివి చెప్పిందేమంటే, 2002లో బీటీ పత్తి వచ్చింది, 2006లో దాని రెండో తరం బీజీ-2 వచ్చింది, పురుగును చంపే విషం మొక్కలోనే తయారవుతుంది. అబద్ధమాడితే కళ్లు పోతాయి, శనగపచ్చ పురుగు పీడ నిజంగానే తగ్గింది. ఆ పురుగు మీద కొట్టిన మందు డబ్బాలూ, చివరికి మనుషులు తాగిన డబ్బాలూ గుర్తున్నవాళ్లు ఆ హాల్లో చాలామందే ఉన్నారు. గులాబీ పురుగు మాత్రం ఆ విషాన్ని మెల్లగా అలవాటు చేసుకుంది. ఎందుకు చేసుకుంది? సారు వేలు మా వైపు తిరిగింది. "మీరు నాన్‌-బీటీ గింజలు వేయలేదు కాబట్టి."

తెలియనివాళ్లెవరైనా ఉంటే చెబుతాను. 450 గ్రాముల బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్టు ఇచ్చేవారు. ఆ గింజలు చేను చుట్టూ ఐదు సాళ్లు వేయాలి, లేదా చేనులో ఐదో వంతు వేయాలి. ఆ మొక్కల్లో విషం ఉండదు. పురుగులు వాటిని తిని హాయిగా పెరగాలి. శాస్త్రం తప్పు కాదు. విషం తిని బతికిన పురుగు అలాంటి పురుగునే చేసుకుంటే, పుట్టే పిల్లలన్నీ విషాన్ని లెక్కచేయవు. విషం లేని మొక్క మీద పెరిగినదాన్ని చేసుకుంటే, పుట్టేవి బీటీ తిని చస్తాయి. మేనరికం వద్దు, బయటి సంబంధం చూడాలి అన్నమాట. ఆ బయటి సంబంధం వాళ్లకు విడిది మన చేను. మూడెకరాల చెల్క కౌలుకు పట్టి, వడ్డీకి తెచ్చిన పైసలతో దున్నిన మనిషి, అందులో ఐదో వంతు పెళ్లివారికి అప్పగించి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడాలి. "వదినా, కాయ మెత్తగా ఉన్నదా? ఇంకో రెండు వడ్డించమంటవా?" "చాలు అన్నా, మీ పిల్లగాడు బీటీ ముట్టలేదు గదా?" "రామ రామ! మాది మూడు తరాలుగా నాన్‌-బీటీ ఇల్లే." కట్నం సంగతి తేలేలోపు పత్తి ఏరుడు అయిపోతుంది. పెళ్లివారు వెళ్లిపోతారు, కౌలు కట్టాల్సింది మాత్రం మిగిలే ఉంటుంది.

చిన్న ప్యాకెట్టును చాలామంది పారేశారు. నిజమే. పారేసింది ఒక్క నల్లగొండ జిల్లా వాళ్లే కాదు. చివరికి ఆ గింజల్ని పెద్ద ప్యాకెట్టులోనే కలిపి అమ్మడం మొదలుపెట్టారు. ఆ ఆలోచన మొదటి ఏడే ఎందుకు రాలేదో తెర మీద రాయలేదు. చాలా దేశాలు బీటీని సూటి రకాల్లో, అంటే గింజ దాచుకుని మళ్లీ వేసుకోగల రకాల్లో పెడితే, మన దగ్గర దాదాపు అంతా హైబ్రిడ్లలోనే ఎందుకు పెట్టారో కూడా రాయలేదు. హైబ్రిడ్ కాబట్టి ఏటా కొనాల్సిందే. 2025లో బీజీ-2 ప్యాకెట్టు 901 రూపాయలు. పైగా ఆ హైబ్రిడ్ పత్తి చేనులో నెలల తరబడి నిలబడుతుంది, గులాబీ పురుగేమో ఆలస్యంగా వచ్చే పురుగు. డిసెంబరు దాటితే కట్టె పీకేయమంటారు. మూడో ఏరుడుతోనన్నా అప్పు తీరుతుందని రైతు ఆగుతాడు. పురుగు కూడా ఆగుతుంది.

ప్రశ్నలు అడగమన్నారు. ఒక కుర్రాడు లేచి, "సార్, గడ్డిమందు కొట్టినా చావని పత్తి వేయొచ్చా?" అన్నాడు. హాలంతా నిశ్శబ్దం. "దానికి అనుమతి లేదు" అన్నారు సారు. అనుమతి లేదన్నది నిజమే. ఇలాంటి జన్యుమార్పిడి పంటల సంగతి చూడటానికి ఢిల్లీలో జీఈఏసీ అనే కమిటీ ఉంది. అది బీటీ వంకాయకు 2009లో సరేనంది, 2010లో మంత్రి ఆపారు. బంగ్లాదేశ్ రైతులు దాన్ని వేసుకుంటున్నారు. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో సరేనంది, 2024లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. వద్దంటే వద్దని చెప్పరు, సరేనంటే సరేనని చెప్పరు. ఈలోపు కలుపు కూలి దొరకని రైతు దగ్గరికి, ఆ గడ్డిమందుకు చావని పత్తే 'బీజీ-3' పేరుతో లూజు సంచిలో వచ్చేస్తుంది. దానికి ఫైలు లేదు, బిల్లు లేదు. మొలవకపోతే అడగడానికి దుకాణమూ లేదు. అప్పుడు పోలీసులు సంచుల వెనక నిలబడి ఫొటో దిగుతారు, వ్యవసాయ శాఖ ఇంకో సదస్సు పెడుతుంది.

ఆ హైబ్రిడ్ గింజ ఎక్కడ పుడుతుందో ఆ హాల్లో ఎవరూ అనలేదు. గద్వాల నడిగడ్డలో సీడ్ పత్తి చేలల్లో పుడుతుంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను ఒలిచి కేసరాలు గిల్లేస్తారు, తెల్లారి మగ పూలు తెచ్చి రుద్దుతారు. మిషను లేదు, ప్రతి పువ్వుకూ చేతులే. అందులో బడికి పోవాల్సిన పిల్లల చేతులు ఎన్ని ఉండేవో పాలమూరులో ఎవరినడిగినా చెబుతారు. ఏడాది చాకిరీ తర్వాత పరీక్షలో గింజ ఫెయిలైందంటే, కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడే ఆర్గనైజరు ఇచ్చిన అప్పు అలాగే నెత్తి మీద ఉంటుంది. ఒక్కో పువ్వుకు పెళ్లి చేసి మీ ప్యాకెట్టు నింపినవాడికి ఏది ఆడో ఏది మగో తెలియదా? వాడికి నేర్పడానికి వచ్చారా మీరు, ఇంగ్లిషు స్లైడు పట్టుకుని? నష్టం మీ లెక్కలో ఒక్క గీత, వాడికి ఇల్లు. ఇంకోసారి అవగాహన లేదని అనండి, నా పక్కనున్న పెద్దాయన ముందు నిలబడి అనండి చూద్దాం.

సరే. రిజిస్టరులో అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. పైన 'అవగాహన పొందిన రైతులు' అని అచ్చేసి ఉంది. నాదీ పెట్టాను. పెద్దాయన వేలిముద్ర వేసి, మనవడి కోసం రెండు సమోసాలు తీసుకుని, పురుగు బొమ్మ ఉన్న కరపత్రంలో గట్టిగా చుట్టుకున్నాడు.