సీసం విశిష్టోష్ణం 0.031 గారికి బహిరంగ లేఖ

అయ్యా,

బెజవాడ నుంచి ఒకప్పటి ఇంటర్ ఎంపీసీ విద్యార్థి నమస్కరించి రాయునది. నేను క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఏ ఏడాదీ ఎవరి ల్యాబ్ రికార్డులోనూ మీరు వెంట్రుకవాసి కదిలింది లేదు.

ఒక గ్రాము సీసాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎన్ని కేలరీల వేడి కావాలో చెప్పే అంకె మీరు. అలాంటి మిమ్మల్ని మేం కనుక్కోవాలట! 100 గ్రాముల సీసపు గుండ్లని హీటర్ మీద ఆవిరిలో 100 డిగ్రీలకు కాచి, రాగి కెలోరీమీటర్‌లోని, అంటే వేడి కొలిచే గిన్నెలోని, నీళ్ళలో పోసి కలియబెట్టాలి. గుండ్లు పోగొట్టుకున్న వేడి, నీళ్ళూ గిన్నే కలిసి పుచ్చుకున్న వేడి సమానం. సూత్రం బంగారం. పాపం, మా ల్యాబ్‌లో ఫ్యాన్ తిరుగుతుందని దానికి తెలీదు. రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే ఊళ్ళో ఫ్యాన్ ఆపమనే ధైర్యం ఏ లెక్చరర్‌కి ఉంటుంది? పైగా హీటర్ ఆ మూల, కెలోరీమీటర్ ఈ మూల. గుండ్లు దారిపొడుగునా వేడి దానం చేసుకుంటూ వచ్చేవి.

నా లెక్క చూడండి. గిన్నె 50 గ్రాములు, నీళ్ళు 50 గ్రాములు, మొదట 30 డిగ్రీలు. గుండ్లు పడ్డాక 33. మీరు 0.0245 అని తేలారు. పక్క బ్యాచ్‌కి 34 వచ్చింది, వాళ్ళకి మీరు 0.033. ఒక్క గీతకే మూడో వంతు పైగా ఒళ్ళు చేస్తే ఎలాగండీ? 0.031గా దర్శనమివ్వాలంటే 33.75 రావాలి. మా థర్మామీటర్‌కేమో డిగ్రీకొక గీత.

అయినా క్లాసులో అందరి రికార్డుల్లోనూ 33.75! కాకిలెక్క అనకండి, కాకికి ఇంత గణితం రాదు. మిమ్మల్ని ముందు అడుగున రాసుకుని, అక్కణ్ణుంచి పైకి ఎక్కుతూ వచ్చాం.

నిజానికి తప్పు మీ పొట్టితనానిదే. నీళ్ళది 1, మీరు అందులో సుమారు ముప్పైరెండో వంతు. అందుకే అంత సీసం అంత వేడితో దూకినా నీళ్ళు నాలుగు డిగ్రీలైనా వేడెక్కవు. అదే బరువు రాగి ముక్కలిచ్చి ఉంటే 40 దాటేది, గీత అటూ ఇటూ అయినా మా పరువు దక్కేది.

ఒక్కమ్మాయి మాత్రం 33 అనే రాసింది. ఫ్యాన్ సంగతీ, మూల నుంచి మూలకి నడక సంగతీ కూడా కింద రాసింది. సార్ పిలిచి, "అందరికీ వచ్చింది, నీకెందుకు రాలేదమ్మా?" అని మళ్ళీ చేయమన్నారు. వారం తిరిగాక ఆమెకీ మీరు 0.031 వచ్చారు.

ఆ రోజు ల్యాబ్‌లో కరెంటు లేదు.

ఇట్లు,
ముప్పావు డిగ్రీని కళ్ళారా చూసినవాడు