'ఆ రోజుల్లో ఏమీ కాదు' గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'ఆ రోజుల్లో ఏమీ కాదు' గారికి,

ఆంధ్ర సరిహద్దున, ఒడిశా వైపునున్న పర్లాకిమిడి బజారులో మందుల షాపు నడుపుకునే ఆడమనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నెలసరి రోజుల్లో కలిస్తే కడుపు రాదు, కండోమ్ అక్కర్లేదు అని ఊరంతా తిరిగే మాట తమరే కదా. మీరు క్షేమంగా ఉన్నారని మా కౌంటర్ దగ్గర తెలుస్తూనే ఉంది. ప్రెగ్నెన్సీ కిట్లు బాగానే పోతున్నాయి.

మీ పలుకుబడి చూస్తే ముచ్చటేస్తుంది. డిగ్రీ లేదు, బోర్డు లేదు, ఫీజు అసలే లేదు. అయినా బావ చెప్పాడనో, రూమ్మేట్ చెప్పాడనో కొత్త పెళ్లికొడుకు చెవిలో దూరిపోతారు. "డేట్ వచ్చిందంటే కడుపు రాలేదనేగా, ఇంక టెన్షన్ ఎందుకు?" ఈ ఒక్క ముక్క ముందు డాక్టర్ చదువంతా దిగదుడుపే.

అన్నిటికన్నా నచ్చింది మీరొచ్చే వేళ. పగలంతా నెలసరిలో ఉన్న ఆ పెళ్లికూతురు ఆవకాయ జాడీ ముట్టుకోకూడదు, దేవుడి గది గడప తొక్కకూడదు. చాప వేరు, గ్లాసు వేరు. రాత్రి పదింటికి మీరు రాగానే అంటు మొత్తం మాఫీ! నాకు మడి పట్టింపు లేదు. ఆ రోజుల్లో కలవడం పాపమని కూడా అనను. ఇద్దరికీ ఇష్టమైతే అది వాళ్లిష్టం. నా తగాదా అంతా కండోమ్ అక్కర్లేదని మీరిచ్చే హామీతోనే.

అసలు మీరు ఈ ఊళ్లో ఎలా నెగ్గుకొస్తున్నారో అర్థం కాదు. జూన్ నడుమ రజొ పండగకి ఒడియా వాళ్లు భూదేవి బహిష్టయిందని మూడు రోజులు నాగలి కట్టరు, మట్టి తవ్వరు. నాలుగో రోజు భూదేవికి స్నానం. మా తెలుగిళ్ల పిల్లలూ ఉయ్యాలలూగి పొడొపిఠా అనే ఒడియా పిండివంట తింటారు. నేలకు అడక్కుండానే దొరికే ఆ సెలవు 'నీకూ కావాలా' అని ఇంట్లో ఆవిడని అడిగే పద్ధతి మాత్రం మీ దగ్గర లేదు.

సరే, లెక్కలోకి వద్దాం. నెలసరి ఇరవై ఎనిమిది రోజులకే రావాలని చట్టమేమీ లేదు. ఇరవై ఒకటికి వచ్చేవాళ్లున్నారు, ముప్పై అయిదుకి వచ్చేవాళ్లూ ఉన్నారు. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి దాదాపు రెండు వారాల ముందు. అంటే ఇరవై ఒక్క రోజులకొచ్చే ఆవిడకి ఏడో రోజు అటూఇటూగా. కొందరికి అప్పటికింకా బ్లీడింగ్ ఆగదు కూడా. అండం ఒక్క రోజుకు మించి నిలవదు గానీ, వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతకగలవు. అయిదో రోజున మీ మాట నమ్మి కలిస్తే, అవి తీరిగ్గా కూర్చుని అండం కోసం ఎదురు చూస్తాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లో అవకాశం బాగా తక్కువే, ఆ మేరకు మీకు మార్కులు వేస్తాను. కానీ తక్కువని మీరెప్పుడూ అనలేదే, 'ఏమీ కాదు' అంటారు. పైగా కనిపించిన రక్తమల్లా నెలసరి కాదు. అండం విడుదలయ్యేటప్పుడు కొందరికి కాస్త కనిపిస్తుంది, గర్భం మొదట్లోనూ కొందరికి కనిపిస్తుంది. అదే డేట్ అనుకుని మీరు క్యాలెండర్ మీద సున్నా చుట్టిస్తారు.

మొన్నో కుర్రాడు వచ్చాడు. షాపులో జనం పోయేదాకా ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక రాసింది చదువుతూ నిలబడ్డాడు. నన్ను చూసి, లోపల మగవాళ్లెవరైనా ఉన్నారా అని ఒడియాలో అడిగాడు. "లేరు బాబూ, ఏం కావాలో చెప్పు" అన్నాను తెలుగులో. చెవులు ఎర్రబడ్డాయి. జ్వరం బిళ్లలు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఇలాంటి వాళ్లు సరిహద్దు దాటి పాతపట్నంలో కొనుక్కుంటారు, పాతపట్నం వాళ్లు మా దగ్గరికొస్తారు. ఒక్క కండోమ్ ప్యాకెట్‌కి రెండు రాష్ట్రాలు! ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు, ఆశా అక్క దగ్గరా దొరుకుతాయి. కానీ ఆశా అక్క పక్కింటావిడ అయిపోయె. ఆ సిగ్గు మీదే కదా మీ వ్యాపారమంతా.

ఇక మీరు అస్సలు నోరెత్తని సంగతి. ఆ రోజుల్లో గర్భాశయం ముఖద్వారం కొంచెం తెరుచుకుని ఉంటుంది. మామూలుగా యోనిలో క్రిములను ఆపే పులుపు స్వభావం రక్తం వల్ల తగ్గుతుంది. గనేరియా, క్లమిడియా లాంటి సుఖవ్యాధులు పైకి పాకడానికి అదే అదను. ఆడవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. ట్యూబులు దెబ్బతిని, పిల్లలు పుట్టట్లేదని అత్తగారు కోడలిని ఆడిపోసుకున్నప్పుడు మీరు ఆ ఛాయలకే రారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి రక్తంలో ఉంటాయి కాబట్టి మగవాడికీ ముప్పు పెరుగుతుంది. సూరత్ మగ్గాల నుంచి సెలవు మీద దిగే మా గంజాం అబ్బాయిలకు ఉండేదే నాలుగు రోజులు, అవీ ఆ రోజులే అయితే మీ మాట వేదవాక్కు. ఎవరిలో ఏముందో మొహం చూస్తే తెలియదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. కాపర్ టీ, మాత్రలు కడుపు రాకుండా ఆపుతాయి తప్ప వీటిని ఆపలేవు.

మర్నాడు పొద్దున్నే మీ బదులు ఆ అమ్మాయే నా దగ్గరికొస్తుంది, చున్నీ మొహం మీదికి లాక్కుని. డెబ్బై రెండు గంటల్లోపు వేసుకునే మాత్ర అడుగుతుంది. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలని చెప్పి ఇస్తాను. అది వేసుకున్నాక తర్వాతి డేట్ ముందుకో వెనక్కో జరగొచ్చు. అప్పుడు ఆ జరిగిన డేట్ పట్టుకుని మీరు మళ్లీ లెక్క మొదలుపెడతారు చూడండి, అక్కడ మాత్రం మీకు దండం పెట్టాల్సిందే!

ఇట్లు,
మందుల షాపు ఆవిడ

తా.క.: హెచ్ఐవీ, సుఖవ్యాధుల గురించి 1097కి ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా చెబుతారు. మీరు మాత్రం చేయొద్దు, అవసరమున్న వాళ్లకి లైన్ దొరకదు.