అడవి కింద పొలం

అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో 'అడవి తిరిగి వచ్చింది' అన్న మీ వ్యాసం శీర్షికతోనే నాకు పేచీ. ఆ అడవిలో మిగిలిన పాత పొలాల రాతి గోడల గురించి చక్కగా రాశారు, నేల లోపలి సంగతి వదిలేశారు. 19వ శతాబ్దంలో రైతులు వదిలి వెళ్లిన పొలాల్లో తెల్ల పైన్ చెట్లు లేచాయి. పైకి అడవే. అక్కడి మట్టి తెచ్చి, తడిపి, వెలుతురులో పెట్టి చూడండి: తరచూ మొలిచేవి పాత పొలం గట్ల గడ్డి, కలుపు మొక్కలే! అంతకాలం బతుకుతాయా అంటారేమో. మిషిగన్‌లో వృక్షశాస్త్రవేత్త విలియం బీల్ 1879లో సీసాల్లో పాతిపెట్టిన వెర్బాస్కమ్ అనే కలుపు మొక్క గింజలు 2021లో కూడా మొలకెత్తాయి. ట్రిలియం వంటి అసలు అడవి మొక్కల గింజలకు ఆ ఓపిక లేదు. వాటిని ఎక్కువగా చీమలే మోయాలి, అవి మోసేది మామూలుగా కొన్ని అడుగుల దూరమే.