టెలీషాపింగ్ ఛానల్ వారికి, ఏమీ కొనని ఇంటి నుంచి

మహారాజశ్రీ టెలీషాపింగ్ ఛానల్ వారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి మీ నిత్య ప్రేక్షకుల ఇంటి కోడలు వ్రాయునది. మేమంతా క్షేమం. మీ దగ్గర స్టాకు ఎప్పటిలాగే ఇంకో ఇరవై పీసులే మిగిలి ఉంటుందని తలుస్తాను.

మా ఇంట్లో అందరం మిమ్మల్ని చూస్తాం. ఒక్కొక్కరికీ మీ నుంచి కావాల్సింది ఒక్కోటి. మీకు మాత్రం మా నుంచి కావాల్సింది ఒకటే, ఫోన్ తీసి ఆర్డరివ్వడం. పేచీ అక్కడే వస్తోంది.

మా అత్తయ్యగారికి మీరు కాలక్షేపం. సీరియల్ పెడితే ఆవిడకి బీపీ పెరుగుతుంది, వార్తలు పెడితే అరుపులు పడవు. మీ దగ్గర ఎవరూ ఎవరికీ విషం పెట్టరు. ఇద్దరు మనుషులు పొద్దస్తమానం నవ్వుతూ పెనం గురించి మాట్లాడుకుంటారు. చుక్క నూనె లేకుండా దోసె జారిపోతుంటే "అబ్బ, ఎంత బాగా వచ్చిందో!" అని మురిసిపోతారు. తెప్పిద్దామా అంటే "మనకి ఇనప పెనం ఉందిగా" అంటారు. ఆవిడకి ఉన్నదల్లా ఒకటే సందేహం. ఏ ఇంట్లోనైనా మొదటి దోసె అంటుకుని తీరుతుంది కదా, మీ స్టూడియోలో ఆ మొదటి దోసె ఎవరు తింటున్నారు? పిండి ఎవరు రుబ్బారు, ఎంత పులిసింది అన్నది కూడా మీరు ఎన్నడూ చెప్పిన పాపాన పోలేదు.

మావయ్యగారు సహకార శాఖలో ఆడిట్ చేసి రిటైరయ్యారు. ఆయనకి కావాల్సింది లెక్క. 4,999 కొట్టేసి 999 అని రాస్తారే, ఆ 4,999కి కొన్న మహానుభావుడు ఒక్కడైనా ఉంటే చూపించమంటారు. పది చీరలు 999 అన్న రోజు పెన్ను తీసి, "ఒక్కోటి 99 రూపాయల 90 పైసలు. జాకెట్టు ముక్క ఉన్నట్టా, లేనట్టా?" అని టీవీనే నిలదీశారు. మీ యాంకరమ్మ సమాధానం చెప్పలేదు. మూలన పరిగెత్తే ఎర్ర గడియారం సున్నాకి వచ్చేదాకా ఆయన కదలకుండా కూర్చుంటారు. సున్నా అయ్యాక అది మళ్లీ పది నిమిషాల నుంచి మొదలవుతుంది. ఆఫర్ అయిపోతుందన్న టెన్షన్ ఆయనకి లేదు, అది ఎప్పటికైనా అయిపోతే చూడాలని ఆశ.

ఇక మా మరిది, వాడి స్నేహితులు. వీళ్లకి మీరు కామెడీ ఛానల్. విదేశీ దొర ఒకడు పొట్ట నిమురుకుంటూ "నేను చాలా సిగ్గుపడేవాడిని" అంటాడు. నోరు మూసేశాక కూడా మాట వస్తూనే ఉంటుంది. వాడికీ, వాడి బావమరిదికీ, తెల్లకోటు డాక్టరుకీ ఒకటే గొంతు. ఆ తెలుగు ఏ జిల్లాదో ఇప్పటికీ తేలలేదు. ఇంకో ప్రకటనలో వంటింటి యంత్రం కొనకముందు ఇల్లాలి బతుకంతా బ్లాక్ అండ్ వైట్. ఉల్లిపాయ కోయబోతే కత్తి జారుతుంది, మూత తీయబోతే డబ్బా మీద పడుతుంది. అంత చేతకాని మనిషి ఆర్డరివ్వగానే రంగుల్లోకి వచ్చేసి పూరీలు వత్తేస్తుంది. "అంతేకాదు!" అని మీరు అనబోయే ముందే మా వాళ్లు హాల్లో కోరస్‌గా అరుస్తారు. డబ్బింగ్ బాగు చేయించే ఆలోచన ఉంటే మానుకోండి, వీళ్లు ఛానల్ మార్చేస్తారు.

నా సంగతంటారా, నాకు ప్రోగ్రాం కావాలి. మామూలు ఛానల్ గంటకి 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధన. ఆ 12కే విసుక్కునే మేము మీకు అరవై నిమిషాలూ ఇస్తున్నాం. ఇచ్చినందుకు నాలుగు ముక్కలు చెప్పండి. స్టీలు గిన్నెల సెట్టు ముప్పై రెండు పీసులంటారు, అందులో మూతలెన్ని, చెంచాలెన్ని? బరువెంత? చీరని ఒక్కసారి కెమెరా ముందు నీళ్లలో ముంచి తీయగలరా?

మీ వంశచరిత్ర కూడా చదివాను లెండి. 1977లో అమెరికాలోని ఫ్లోరిడాలో ప్రకటనల బాకీ కట్టలేని ఒక వ్యాపారి, డబ్బుకు బదులు 112 డబ్బా ఓపెనర్లు రేడియో స్టేషన్‌లో పడేసి పోయాడట. వాటిని రేడియోలోనే అమ్మితే చకచకా పోయాయట. ఆ ధైర్యంతోనే తర్వాత టీవీలో దుకాణం తెరిచారు. మన దగ్గర 2008లో హోమ్‌షాప్18 వచ్చి రోజంతా అమ్మకాలే నడిపింది. అంటే ఎక్కడో మిగిలిపోయిన సరుకుని మా నెత్తిన రుద్దడం మీకు తాతల నాటి ఆచారం. అందులో తప్పేం లేదు, బజారులో అందరూ చేసేదే.

మా పక్కింటి పిన్నిగారి విషయంలో మాత్రం నాకు నవ్వు రావడం లేదు. ఆవిడ మిమ్మల్ని కాలక్షేపానికి చూడరు, నమ్మి చూస్తారు. కొడుక్కి ఉద్యోగం రాలేదని రక్షా కవచం తెప్పించుకున్నారు, షుగరు తగ్గుతుందని పొడి తెప్పించుకున్నారు. షుగరు, ఊబకాయం నయం చేస్తామని, ఎత్తు పెంచుతామని మందులకి ప్రచారం చేయకూడదని 1954లోనే చట్టం వచ్చింది. మహిమలున్నాయంటూ టీవీలో యంత్రాలు అమ్మడం చట్టవిరుద్ధమని 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ హనుమాన్ చాలీసా యంత్రం కేసులో తేల్చింది. అది మహారాష్ట్ర చట్టం కింద ఇచ్చిన తీర్పు కాబట్టి మాకు వర్తించదని మీ లాయరు చెప్పి ఉంటాడు. హనుమంతుడికి రాష్ట్ర సరిహద్దులు పెట్టిన ఘనత మీదే. పిన్నిగారికి మాత్రం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వచ్చాను. మీ నంబరు పక్కనే.

చివరగా ఒక మనవి. పోయిన నెల మా పాప ఆడుకుంటూ మీకు మిస్డ్ కాల్ ఇచ్చింది. అప్పటి నుంచి మీ కాల్‌సెంటర్ అమ్మాయి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తోంది. ఎత్తేది మా అత్తయ్యగారు. మిక్సీ ఆఫర్ చెప్పబోతే "ముందు అన్నం తిన్నావా లేదా చెప్పు" అంటారు. ఆ పిల్లది పిఠాపురమట, హాస్టల్లో పప్పు నీళ్లలా ఉంటోందట. అరగంటకి తక్కువ మాట్లాడుకోరు. ఇన్నాళ్లకి మా ఇంట్లో ఒక్కరికైనా మీ దగ్గర కావాల్సింది దొరికింది. ఆ అమ్మాయి టార్గెట్ తగ్గిందని జీతం కోయకండి. గోంగూర పచ్చడి పంపాలి, మీ ఆఫీసు అడ్రసు చెప్పండి. క్యాష్ ఆన్ డెలివరీ అక్కర్లేదు.

ఇట్లు,
మీ ప్రేక్షకురాలు