శుక్లం తీశారు, చుట్ట సంగతి ఎవరూ అడగలేదు

ఒడిశా తీరాన గోపాలపూర్‌లో మా పెద్దమ్మ వలలు బాగుచేసేది. రెండేళ్ల కిందట మానేసింది. చిరుగు చుట్టూ ఉన్న కన్నులన్నీ కనిపిస్తాయట, ముడి వేయాల్సిన కన్ను దగ్గరే మసక. మనిషిని చూస్తే చెవులు, జుట్టు తెలుస్తాయి, ముక్కు ఉండాల్సిన చోట మచ్చ. అయినా పడవల మధ్య తాళ్లు తొక్కకుండా నడిచిపోతుంది. దాంతో కోడలు తేల్చేసింది: "నడవడానికి కనబడుద్ది గానీ పనికి కనబడదా? అంతా నటన!"

నటన కాదు. కంటి వెనక ఉండే పొర రెటీనా. దాని నడిమధ్యన మాక్యులా అనే చిన్న భాగం ఉంటుంది. అక్షరాలు చదవడం, మొహాలు పోల్చుకోవడం, సూదిలో దారం ఎక్కించడం మాక్యులా పనే. వయసుతో అది క్షీణిస్తే నడిమి చూపు పోతుంది, పక్క చూపు మిగులుతుంది. అందుకే ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదరదు.

పెద్దమ్మకు అప్పటికే క్యాంపులో శుక్లం ఆపరేషన్ అయింది. లెన్స్ బాగానే ఉంది. మన గంజాం, గజపతి జిల్లాల పల్లెల్లో పెద్దవాళ్లకు చూపు తగ్గిందంటే శుక్లమే, లేదంటే ముసలితనం. మూడో మాట లేదు. క్యాంపులు ఎంతోమందికి చూపు తెచ్చాయి, కాదనను. కానీ లెన్స్ ముందుంటుంది, మాక్యులా వెనకుంటుంది. ముందుది మార్చినంత మాత్రాన వెనకది బాగుపడదు.

ఇక చుట్ట. పెద్దమ్మది అడ్డచుట్ట, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతుంది. శ్రీకాకుళం తీరం నుంచి ఇటు గంజాం దాకా ఆవిడ వయసు ఆడవాళ్లలో ఈ అలవాటు ఉంది. అంగిలి క్యాన్సర్ గురించి డాక్టర్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. కంటి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కంటి జబ్బుల సర్వేలో చుట్ట బాగా తాగేవాళ్లలో ఈ మాక్యులా జబ్బు ఎక్కువగా కనిపించింది. సిగరెట్ విషయంలో విదేశాల్లో చేసిన పరిశోధనలూ ఇదే చెప్పాయి. నిప్పు నోటి లోపలున్నా బయటున్నా పొగలోని విషం చేరేది రక్తంలోకే. రెటీనా అడుగున చెత్త ఊడ్చే పొర ఒకటి ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ దాని ఊడ్పు మందగించి డ్రూసెన్ అనే పసుపు చుక్కలు పేరుకుంటాయి. పొగ దాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. వయసునూ, వంశంలో వచ్చే జన్యువులనూ ఎవరూ మార్చలేరు. బీపీ, బరువు, తిండి కొంత మన చేతిలో ఉన్నవే. అన్నిటికంటే ముందు చుట్ట.

ఈ మాక్యులా జబ్బులో ఎక్కువమందికి వచ్చేది పొడి రకం, మెల్లగా ముదురుతుంది. తడి రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయి, చూపు వారాల్లోనే పడిపోవచ్చు. దానికి కంట్లో ఇంజెక్షన్లు ఉన్నాయి. రెటీనా మీద మచ్చ కట్టకముందే మొదలుపెట్టాలి, మొదట్లో నెలనెలా వేయించుకోవాలి. వాటికోసం భువనేశ్వర్ వెళ్లాలంటే బరంపురం నుంచి సుమారు 170 కిలోమీటర్లు. పడవ మీద బతికే ఇంట్లో ప్రతి నెలా తోడు వెళ్లేదెవరు?

మందుల షాపులో "కంటి విటమిన్లు" అడిగితే ఇచ్చేస్తారు. జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకు 2001లో వచ్చిన పరిశోధనలో విటమిన్లు, జింక్ కలిపిన మోతాదు అది ముదిరే ముప్పును పావు వంతు తగ్గించింది. జబ్బు లేనివాళ్లకు రాకుండా ఆపుతుందని కాదు. పైగా అందులో ఉన్న బీటా కెరోటిన్ పొగతాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. అందుకే 2013లో దాని బదులు ల్యూటీన్, జియాజాంతిన్ అనే పోషకాలు సూచించారు. చుట్ట తాగుతావా అని అడగకుండా మాత్ర చేతిలో పెట్టడం ఎంత తప్పో చూడండి.

పరీక్ష మొదలుపెట్టడానికి పెద్ద మిషను అక్కర్లేదు. ఆమ్స్‌లర్ గడుల కాగితం చాలు. ఒక కన్ను మూసి, నడిమి చుక్కను చూడాలి. గీతలు వంకరపోయినా, గడులు మాయమైనా వెంటనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒడియా బోర్డు చదవలేని మామ్మకైనా ఇది అర్థమవుతుంది. జీవితమంతా వల కన్నులు చూసిన మనిషికి గడి వంకరపోతే తెలియదా? శుక్లం క్యాంపులో ఈ కాగితం ఒకటి పెట్టి, బీపీ, షుగర్ రాసే చోట చుట్ట కూడా రాయడానికి ఖర్చేమవుతుంది?

బరంపురంలో ఒక డాక్టరు చివరికి అడిగారు, రోజుకు ఎన్ని అని. "నాలుగు," అంది పెద్దమ్మ. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "కంటికీ దీనికీ ఏం సంబంధంరా?" అంది. ఒక కంట్లో అప్పటికే మచ్చ కట్టేసింది.