"చివర్లో ఒక మనిషి చూస్తాడు లెండి"

అప్పు దరఖాస్తులు, ఉద్యోగానికి పంపిన రెజ్యూమేలు, ప్రభుత్వ సాయానికి అర్హత, సోషల్ మీడియాలో పోస్టు తీసేయడం. ఏఐ చేత తేల్పించే పని ఏదైనా సరే, గట్టిగా అడిగితే వచ్చే జవాబు ఒకటే: "తుది నిర్ణయం మనిషిదే." ఆ మాటతో అడిగినవాళ్లు చల్లబడిపోతారు. నిజానికి అడగాల్సింది అక్కణ్నుంచే. ఆ మనిషి చేతికి రోజుకి ఎన్ని ఫైళ్లు వస్తున్నాయి? కాదనే అధికారం ఉందా? కాదంటే ఆయన ఉద్యోగానికి ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. ఎనిమిది గంటల డ్యూటీలో విరామాలు, మీటింగులు పోను ఆరు గంటలు మిగిలాయనుకోండి, అంటే 360 నిమిషాలు. ఫైలు తెరిచి, జతచేసిన కాగితాలు చదివి, మెషిన్ ఇచ్చిన స్కోరు నిలుస్తుందో లేదో తేల్చడానికి 6 నిమిషాలైనా పడుతుంది. రోజుకి 60 ఫైళ్లు. సిస్టమ్ రోజుకి 6,000 ఫైళ్లు తోస్తుంటే 100 మంది కావాలి. అంతమందిని పెట్టుకునే ఉద్దేశమే ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ కొనరు. కాబట్టి పదిమందిని కూర్చోబెడతారు. తలా 600 ఫైళ్లు, ఫైలుకి 36 సెకన్లు. ఆ 36 సెకన్లలో స్కోరు చూసి ఓకే నొక్కడం తప్ప ఎవరైనా ఏం చేయగలరు? దీనికి పెట్టిన పేరు 'మానవ పర్యవేక్షణ'.

పోనీ, టైమ్ దండిగా ఇచ్చారనుకుందాం. అప్పుడు మనిషి బుర్రే అడ్డొస్తుంది. రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్లు సిగ్నళ్లను ఎందుకు వదిలేస్తున్నారో తేల్చడానికి మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ మాక్‌వర్త్ గడియారం లాంటి పరికరంతో పరీక్షలు చేశాడు. ముల్లు ఒక్కో అడుగే కదులుతూ ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది, అది కనిపెట్టాలి. మొదటి అరగంట దాటేసరికే జనం దాన్ని ఎక్కువగా వదిలేయడం మొదలైంది. 1948 నాటి ఫలితం ఇది. 2005లో చూపు మీద పరిశోధనలు చేసే జెరెమీ వుల్ఫ్ బృందం మరో సంగతి తేల్చింది. బొమ్మల్లో వెతకమన్న వస్తువు సగంసార్లు ఉన్నప్పుడు జనం దాన్ని 7 శాతం సార్లు వదిలేశారు. నూటికి ఒక్కసారే ఉన్నప్పుడు 30 శాతం సార్లు వదిలేశారు. కళ్లు అవే, శ్రద్ధా అంతే. అరుదుగా వచ్చేదాన్ని మెదడు 'లేదులే' అనేసుకుంటుంది, అంతే.

ఇప్పుడు 99 శాతం సరిగ్గా చెప్పే మెషిన్‌ని తలుచుకోండి. అమ్మేవాళ్లు గర్వంగా చూపించే అంకె అదే. పక్కన కూర్చున్న మనిషికి అంతకన్నా చెడ్డ పరిస్థితి ఉండదు. మెషిన్ సగం తప్పులు చెప్పేదైతే ప్రతి ఫైలూ అనుమానంగా చూసేవాడు. ఎంత బాగా పనిచేస్తే దాని తప్పు పట్టుకోవడం అంత కష్టం. పైగా తేలికైనవన్నీ మెషినే తేల్చేస్తుంటే మనిషికి చేయి తిరిగే అవకాశం పోతుంది, చిక్కుముడి వచ్చిన రోజున మాత్రం ఆయన నిపుణుడిలా విప్పాలి. 1983లోనే మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీల కంట్రోల్ రూముల గురించి ఈ మాట చెప్పింది. నలభై ఏళ్లు దాటాయి, మనం దాన్నే కొత్త పేర్లతో కొనుక్కుంటున్నాం.

ఇక తప్పు జరిగిన రోజున ఆ మనిషి దేనికి పనికొస్తాడో చూడండి. 2018 మార్చి 18న అరిజోనాలోని టెంపీలో ఉబర్ పరీక్షిస్తున్న స్వయంచాలక కారు రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. ఆమె ఎదురుగా ఉన్నట్టు సిస్టమ్ 5.6 సెకన్ల ముందే పసిగట్టింది, కానీ మనిషి అని చివరిదాకా గుర్తించలేదు. కారుతో వచ్చిన అత్యవసర బ్రేకును ఆ మోడ్‌లో ఆపేసి ఉంచారు. అంతకుముందు బండికి ఇద్దరుండే ఆపరేటర్లను ఒక్కరికి తగ్గించారు. ఆ ఒక్కరూ ఫోన్ చూస్తున్నారు, అదీ నిజమే. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టడానికి ఆధారం లేదని ప్రాసిక్యూటర్లు అన్నారు. స్టీరింగ్ ముందున్న ఆపరేటర్ 2023లో నేరం ఒప్పుకుని మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకి బదులు అధికారుల నిఘాలో ఉండే శిక్ష) తీసుకున్నారు. చాలా సంస్థల్లో ఆ 'చివరి మనిషి' కుర్చీ వేసేది తప్పు ఆపడానికి కాదు, తప్పు మోయడానికి.

చట్టం దీన్ని గమనించలేదని కాదు. యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (జీడీపీఆర్)లోని 22వ నిబంధన పూర్తిగా మెషిన్ చేసే తీవ్రమైన నిర్ణయాలకు లోబడకుండా ఉండే హక్కు ఇస్తుంది. 'పూర్తిగా' అన్న మాట పట్టుకుని, చివర్లో ఒక మనిషితో సంతకం పెట్టిస్తే గండం గడిచినట్టేనని చాలామంది అనుకున్నారు. 2023 డిసెంబరులో, అప్పు తీర్చగలరా లేదా అని జనానికి స్కోరు వేసే జర్మన్ సంస్థ షూఫా కేసులో, యూరప్ న్యాయస్థానం ఆ దారి కొంత మూసేసింది. బ్యాంకు ఆ స్కోరు మీదే గట్టిగా ఆధారపడుతుంటే, స్కోరు తయారుచేయడమే ఆటోమేటిక్ నిర్ణయమంది. నా దృష్టిలో సరైన తీర్పు.

నిజంగా పనిచేసే పరిశీలన కావాలంటే ఖర్చవుతుంది, కానీ ఎలా చేయాలో తెలియనిదేం కాదు. ముందు స్క్రీన్ చూడండి. ఓకే అనడానికి ఒక్క క్లిక్. కాదనడానికి మాత్రం మెనూలో కారణం, కింద వివరణ, ఆపైన సూపర్‌వైజర్ అనుమతి, ఈలోగా రోజువారీ టార్గెట్ దెబ్బ. వారం తిరిగేసరికి ఎవరైనా ఓకే నొక్కడమే నేర్చుకుంటారు. రెండు బటన్లకూ ఒకే శ్రమ ఉండాలి. కొన్ని ఫైళ్లలో, నూటికి పదైనా సరే, మెషిన్ స్కోరు దాచిపెట్టి ముందు మనిషి అభిప్రాయం రాయించి, తర్వాతే స్కోరు చూపించాలి. ఒకసారి '82' అన్న అంకె కంటబడ్డాక దాన్ని మర్చిపోయి ఆలోచించడం ఎవరివల్లా కాదు.

అన్నిటికన్నా పనికొచ్చేది విమానాశ్రయాల్లో ఎప్పట్నుంచో ఉంది. బ్యాగులు స్కాన్ చేసేవాళ్ల తెర మీద మధ్యమధ్యలో తుపాకీ, బాంబు ఉన్న ఉత్తుత్తి బొమ్మలు కలుపుతారు. పట్టుకుంటే 'ఇది పరీక్ష' అని వెంటనే చెబుతారు, వదిలేస్తే అదీ చెబుతారు. వెతికేది అరుదు కాకుండా పోతుంది, ఎవరు ఎన్ని పట్టుకుంటున్నారో లెక్కా దొరుకుతుంది. అప్పు ఫైళ్లలోనూ ఇది కుదురుతుంది: కావాలనే తప్పు స్కోరు పెట్టిన ఫైళ్లు వందకు రెండో మూడో కలపండి. వాటి ఫలితం బయట ఎవరికీ వెళ్లకుండా సిస్టమ్‌లోనే ఆపేసే తాళం మాత్రం ముందే ఉండాలి, లేకపోతే పరీక్ష ఫైలే నిర్ణయమై కూర్చుంటుంది.

ఎవరూ చూడని ఇంకో గొయ్యి ఉంది. మనిషి ఓకే అన్న ఫైళ్లు చాలాచోట్ల 'సరైన జవాబులు'గా మళ్లీ ఆ మెషిన్‌కి నేర్పే శిక్షణలోకి వెళ్తాయి. 36 సెకన్లలో నొక్కిన ఓకే అంటే మెషిన్ తన మాట తానే విని, మనిషి చెప్పాడనుకోవడం. ఆర్నెల్లు తిరిగేసరికి కచ్చితత్వం పెరిగినట్టు డాష్‌బోర్డ్ చూపిస్తుంది. (డాష్‌బోర్డులో పచ్చరంగు మీద జనానికి ఎంత నమ్మకమో!) శిక్షణకు స్కోరు దాచి చూసిన ఫైళ్లే వాడాలి.

ఇదంతా అన్నిచోట్లా అక్కర్లేదు. స్పామ్ మెయిల్ వడపోత, ఫొటోల సర్దుబాటు లాంటివి, తప్పయినా రెండు క్లిక్కులతో వెనక్కి తిప్పుకోగలిగేవి, మనిషి లేకుండానే వదిలేయొచ్చు. అక్కడ అలంకారానికి ఒకరిని కూర్చోబెట్టడం కన్నా ఫిర్యాదు బటన్ సరిగ్గా పెట్టడం మేలు. వెనక్కి తిప్పలేనివాటికి, అంటే డబ్బు, ఉద్యోగం, ఇల్లు, జైలు తేల్చేవాటికి, ఫైలుకి 6 నిమిషాలు కొనలేకపోతే ఫైళ్లు తగ్గించుకోవాలి.

ఇలాంటి సిస్టమ్ కొనబోయే కంపెనీ గానీ ప్రభుత్వ శాఖ గానీ కాంట్రాక్టులో మూడు అంకెలు నెలనెలా ఇమ్మని రాయించుకోవాలి: ఫైలుకి సగటున పట్టిన సమయం, మెషిన్‌ని కాదన్న శాతం, కలిపిన తప్పుల్లో పట్టుకున్న శాతం. అమ్మేవాళ్లు మధ్యదాన్ని మాత్రమే ఇస్తామంటారు. 'మావాళ్లు కాదన్నది అర శాతమే, మెషిన్ అంత బాగుంది' అని. మూడోది లేకుండా ఆ అర శాతానికి అర్థం లేదు. మెషిన్ బాగున్నా అదే అంకె వస్తుంది, మనిషి నిద్రపోతున్నా అదే అంకె వస్తుంది.