నా అభిమానం బ్యారీ గ్రీన్‌స్టీన్‌కే

పోకర్ (పందెం కాసి ఆడే ఒక పేకాట) ఆటగాళ్లలో స్నేహశీలుల గురించి వచ్చిన ఒక వ్యాసంలో, అందరికంటే కలుపుగోలు మనిషి డేనియల్ నెగ్రాను అని రాశారు. ఎదుటివారి చేతిలో ఏ ముక్కలున్నాయో నవ్వుతూ పైకే ఊహించి చెప్పే ఆయన తీరు నాకూ ఇష్టమే గానీ, ఆ కబుర్లలో కొంత భాగం ప్రత్యర్థి ముఖకవళికలను చదివే ఎత్తుగడ కూడా. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పోకర్ ఆడటాన్ని 2020లోనే నిషేధించారు కనుక, విశాఖపట్నంలో ఉండే నాకు ఈ ఆటగాళ్లందరూ వీడియోల ద్వారానే పరిచయం.

అలా చూసినవారిలో నాకు అత్యంత ఆప్తుడనిపించినవారు బ్యారీ గ్రీన్‌స్టీన్. టోర్నమెంటులో తనను ఓడించి బయటికి పంపిన ఆటగాడికి, తాను రాసిన పుస్తకంపై సంతకం చేసి చేతికిచ్చి మరీ బల్ల దగ్గరి నుంచి లేచి వెళ్లడం ఆయన అలవాటు. చివరి చిప్పు (పందెం బిళ్ల) కూడా చేజారిన ఆ క్షణంలో, చాలామంది ముఖం చాటేసుకుని వెళ్లిపోయే చోట, అంత మర్యాద చూపడానికి ఎంతో నిబ్బరం కావాలి. టోర్నమెంట్లలో గెలిచిన సొమ్మును ఏళ్ల తరబడి సేవాసంస్థలకు ఇచ్చిన చేయి కూడా అదే.

2020లో కన్నుమూసిన పోకర్ ఆటగాడు మైక్ సెక్స్‌టన్ ప్రస్తావన ఆ వ్యాసంలో లేకపోవడం మాత్రం నన్ను బాధించింది. 2006లో టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్‌లో గెలిచిన 10 లక్షల డాలర్లలో సగాన్ని దానం చేసిన ఆ పెద్దమనిషిని కూడా చేర్చవలసిందిగా రచయితను కోరుతున్నాను.